పూత మీద కొన్న షేరు: కేజీ బేసిన్‌లో నికో కథ

రెడ్డిగూడెం నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ చిన్న ఆయిల్ అండ్ గ్యాస్ కంపెనీల షేర్ల గురించి.

"ఫలానా కంపెనీకి గ్యాస్ దొరికిందంట, షేరు ఇంకా చవగ్గానే ఉంది, కొనొచ్చా?" అనే ప్రశ్న ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నేను ఏ షేరూ కొనమని గానీ అమ్మమని గానీ చెప్పను. ఆ పని చేసేవాళ్లు సెబీ దగ్గర రిజిస్టర్ అయి ఉన్నారు. నేను చెప్పేది చరిత్ర. ఆ చరిత్ర ఎక్కడో టెక్సాస్‌లో జరిగింది కాదు. మన కృష్ణా, గోదావరి పేర్లు పెట్టుకున్న కేజీ బేసిన్‌లో, కాకినాడ ఎదురుగా ఉన్న సముద్రంలో జరిగింది. కెనడాలోని కాల్గరీ నగరానికి చెందిన నికో రిసోర్సెస్ అనే చిన్న కంపెనీ కథ అది. 2010లో ఆ షేరు ధర 100 కెనడియన్ డాలర్లు దాటింది. ఐదారేళ్లు తిరిగేసరికి డాలరు కూడా లేదు, సెంట్లలోకి పడిపోయింది. మధ్యలో ఏం జరిగిందో వరసగా చూస్తే, చిన్న గ్యాస్ కంపెనీని ఎలా తూచాలో దాదాపు పాఠం మొత్తం అందులోనే దొరుకుతుంది.

ముందు ఒక మాట. మా వైపు మామిడి తోటలు పూత మీద అమ్ముతారు. జనవరిలో చెట్టు నిండా పూత ఉంటుంది, వ్యాపారి వచ్చి తోటంతా తిరిగి చూసి, ఇన్ని టన్నులు వస్తాయని మనసులో లెక్కేసుకుని, ఒక రేటు చెప్పి బయానా ఇస్తాడు. పూతంతా పిందె కాదు, పిందెంతా కాయ కాదు. మంచు పట్టొచ్చు, తామర పురుగు రావొచ్చు, ఏప్రిల్‌లో గాలివాన కొట్టొచ్చు. కాయ దిగాక కూడా నున్న మార్కెట్లో ఆ రోజు రేటు ఎంతో ఎవరికీ తెలీదు. అనుభవం ఉన్న వ్యాపారి పూత చూసి మురిసిపోడు. "ఎంత రాలుద్ది, ఎంత ఖర్చవుద్ది, రేటు ఎవరి చేతిలో ఉంది" అని అడుగుతాడు. గ్యాస్ కంపెనీ షేరు కొనడం కూడా పూత మీద తోట కొనడమే. తేడా ఏంటంటే ఇక్కడ చెట్టు కనపడదు. సముద్రం అడుగున, భూమి లోపల ఉంటుంది.

ఇక చరిత్రలోకి వెళ్దాం. కేజీ బేసిన్‌లో ఓఎన్‌జీసీ 1978లో నర్సాపురం దగ్గర బావి తవ్వడంతో మొదలుపెట్టింది. తర్వాత రాజోలు, అమలాపురం చుట్టుపక్కల గ్యాస్ బయటపడుతూ వచ్చింది. 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి బ్లోఅవుట్ అయి రెండు నెలలకు పైగా మండింది. కోనసీమ వాళ్లకి ఆ మంట ఇంకా గుర్తే. కింద గ్యాస్ ఉందన్న సంగతికి అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. కానీ గ్యాస్ ఉండటం వేరు, ఆ గ్యాస్ మీద వాటాదారుడు డబ్బు చేసుకోవడం వేరు.

డబ్బు చేసుకున్న కథ కూడా ఒకటుంది, ముందు అది చెప్పాలి. లేకపోతే చిన్న కంపెనీలన్నీ మోసమే అనుకుంటారు. ఎస్.యానాం తీరానికి ఎదురుగా ఉన్న రవ్వ క్షేత్రాన్ని ఓఎన్‌జీసీ 1987లో కనిపెట్టింది. 1994లో ప్రభుత్వం దాన్ని ప్రైవేటు భాగస్వాములకు తెరిచింది. ఓఎన్‌జీసీకి 40 శాతం, వీడియోకాన్‌కి 25, ఆస్ట్రేలియాకి చెందిన కమాండ్ పెట్రోలియం అనే చిన్న కంపెనీకి 22.5, రవ్వ ఆయిల్ సింగపూర్‌కి 12.5 శాతం. 1996లో స్కాట్లాండ్‌కి చెందిన కెయిర్న్ ఎనర్జీ ఆ కమాండ్ కంపెనీని కొనేసి ఇండియాలో అడుగుపెట్టింది. అప్పటికి కెయిర్న్ కూడా చిన్నదే. రవ్వలో మొదట వేసిన అంచనా సుమారు 10 కోట్ల బ్యారెళ్లు. తర్వాతి ఏళ్లలో 25 కోట్లు దాటి వచ్చింది.

రవ్వ ఎందుకు కలిసొచ్చిందో గమనించండి. ఒకటి, అది లోతు తక్కువ సముద్రం, బావి ఖర్చు అదుపులో ఉంటుంది. రెండు, కొత్తగా వెతకాల్సిన పని లేదు, ఓఎన్‌జీసీ అప్పటికే కనిపెట్టింది. మూడు, అక్కడ ప్రధానంగా వచ్చింది ముడిచమురు. చమురుకి ప్రపంచ ధరతో నడిచే రేటు ఉంటుంది. గ్యాస్‌కి మన దేశంలో రేటు ఢిల్లీలో కూర్చుని రాస్తారు. ఈ మూడో సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

ఇప్పుడు నికో. 1987లో కాల్గరీలో పుట్టిన కంపెనీ. 1990ల్లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీతో కలిసి సూరత్ దగ్గర హజీరా గ్యాస్ క్షేత్రంలోకి వచ్చింది. ఇండియాలో పని ఎలా నడుస్తుందో తెలిసిన కంపెనీ అన్నమాట. 1999లో కేంద్రం నెల్ప్ అనే కొత్త విధానంలో బ్లాకులు వేలం వేసింది. అందులో కాకినాడ ఎదురుగా ఉన్న లోతు సముద్రపు బ్లాక్ ఒకటి, వైశాల్యం 7,645 చదరపు కిలోమీటర్లు. దాన్ని రిలయన్స్, నికో కలిసి దక్కించుకున్నాయి. 2000 ఏప్రిల్‌లో ఒప్పందం. రిలయన్స్‌కి 90 శాతం, నికోకి 10 శాతం. అదే తర్వాత అందరి నోళ్లలో నానిన కేజీ డీ-6.

2002 అక్టోబర్‌లో అక్కడ గ్యాస్ దొరికిందని ప్రకటన వచ్చింది. మొదట చెప్పిన అంకె 7 టీసీఎఫ్. టీసీఎఫ్ అంటే ట్రిలియన్ క్యూబిక్ ఫీట్, మన లెక్కలో లక్ష కోట్ల ఘనపుటడుగులు. 2004లో వేసిన ప్లాన్ ప్రకారం రోజుకు 4 కోట్ల ఘనపు మీటర్లు, పెట్టుబడి 239 కోట్ల డాలర్లు. 2006లో ప్లాన్ మార్చారు. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు, మొదటి దశకే 520 కోట్ల డాలర్లు. డీ1, డీ3 అనే రెండు పెద్ద క్షేత్రాల్లో బయటికి తీయగలిగిన గ్యాస్ సుమారు 10 టీసీఎఫ్ అని అంచనా.

ఇక్కడ చిన్న కంపెనీ వైపు నుంచి ఆలోచించండి. 520 కోట్ల డాలర్లలో పది శాతం, అంటే 52 కోట్ల డాలర్లు నికో కట్టాలి. రిలయన్స్‌కి రిఫైనరీ ఉంది, పెట్రోకెమికల్స్ ఉన్నాయి, బ్యాంకులు వెనక నిలబడతాయి. నికోకి ఉన్నవి హజీరా లాంటి ఒకటి రెండు చిన్న క్షేత్రాలు. పైగా నికో ఆపరేటర్ కాదు. ఎన్ని బావులు తవ్వాలి, ఎప్పుడు తవ్వాలి అనేది నడిపేది రిలయన్స్. నికోకి వచ్చేది క్యాష్ కాల్, అంటే "ఈ నెల నీ వాటా ఇంత, కట్టు" అనే కాగితం. వ్యవసాయంలో పొత్తు కట్టినవాళ్లకి ఇది తెలుసు. పెద్ద రైతు బోరు మీద బోరు వేద్దామంటే చిన్న రైతు కాదనలేడు, ఖర్చు మాత్రం పంచుకోవాలి.

2009 ఏప్రిల్‌లో గ్యాస్ గాడిమొగ టెర్మినల్‌కి చేరింది. అక్కడి నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా పైప్‌లైన్. 2010 మార్చి నాటికి ఉత్పత్తి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. నికో షేరు 100 డాలర్లు దాటింది ఆ రోజుల్లోనే.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. మనం లెక్క వేద్దాం. ఈ లెక్కకి పెద్ద చదువు అక్కర్లేదు, గుణకారం వస్తే చాలు.

నికోకి అప్పుడు సుమారు 5 కోట్ల షేర్లు. షేరు 100 డాలర్లంటే కంపెనీ మొత్తం విలువ 500 కోట్ల డాలర్లు. ఆ సమయంలో కెనడా డాలరు, అమెరికా డాలరు ఇంచుమించు సమానం. కాబట్టి మార్కెట్ ఆ కంపెనీకి కట్టిన ఖరీదు 500 కోట్లు.

ఇటు ఆస్తి చూద్దాం. డీ1, డీ3లో 10 టీసీఎఫ్ నిజంగానే ఉందనుకుందాం. నికో వాటా పది శాతం, అంటే 1 టీసీఎఫ్. గ్యాస్ ధర ప్రభుత్వం 2007లో ఖాయం చేసింది, ఒక ఎంఎంబీటీయూకి 4.20 డాలర్లు. వెయ్యి ఘనపుటడుగుల గ్యాస్ ఇంచుమించు ఒక ఎంఎంబీటీయూ. 1 టీసీఎఫ్‌లో అలాంటి వెయ్యిలు 100 కోట్లు. 100 కోట్లు ఇంటూ 4.20, మొత్తం 420 కోట్ల డాలర్లు.

ఆగి చూడండి. 420 కోట్లు అనేది లాభం కాదు. మొత్తం అమ్మకం. పదమూడు పద్నాలుగేళ్ల పాటు వచ్చే అమ్మకం. అందులోంచి ఖర్చులు పోవాలి, రాయల్టీ పోవాలి, లాభంలో ప్రభుత్వం వాటా పోవాలి, పన్ను పోవాలి. పదేళ్ల తర్వాత వచ్చే డాలరు ఇవాళ్టి డాలరుతో సమానం కాదు. అయినా మార్కెట్ కట్టిన ఖరీదు 500 కోట్లు! ఆ రెండు క్షేత్రాల మొత్తం అమ్మకం కంటే షేర్ మార్కెట్ విలువే ఎక్కువ.

మిగతాది దేనికి? నికోకి డీ-6లోనే ఎంఏ అనే చమురు క్షేత్రంలో వాటా ఉంది, ఇంకా అభివృద్ధి చెయ్యని చిన్న క్షేత్రాలున్నాయి, బంగ్లాదేశ్‌లో బ్లాక్ ఉంది, ఇండోనేషియాలో, ట్రినిడాడ్‌లో వెతకాల్సిన బ్లాకులున్నాయి. అంటే కాసిన కాయకి కాకుండా, పూతకి, ఇంకా పూత కూడా రాని కొమ్మలకి కూడా ఖరీదు కట్టారు. గ్యాస్ ధర ముందు ముందు పెరుగుతుందన్న ఆశకి కూడా కట్టారు.

ఇంకో లెక్క. రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లంటే సుమారు 212 కోట్ల ఘనపుటడుగులు. ఏడాదికి 0.77 టీసీఎఫ్. 10 టీసీఎఫ్ ఉంటే ఇదే వేగంతో 13 ఏళ్లు వస్తుంది. 3 టీసీఎఫ్ మాత్రమే ఉంటే? నాలుగేళ్లు కూడా రాదు. ఒకే బావి, ఒకే పైపు, ఒకే రోజువారీ ఉత్పత్తి. బయట నుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈ రోజు ఎంత వస్తోంది అన్నది చూసి కొనేవాడు ఇక్కడే బోల్తా పడతాడు. ఈ రోజు వచ్చేది ట్యాంకు ఎంత పెద్దదో చెప్పదు, కుళాయి ఎంత తిప్పారో చెబుతుంది.

సరే, ఏం జరిగింది? 2010 మధ్య నుంచి ఉత్పత్తి తగ్గడం మొదలైంది. ఒత్తిడి పడిపోయింది, బావుల్లోకి నీళ్లు, ఇసుక వచ్చాయి. 2011లో బ్రిటన్ కంపెనీ బీపీ 720 కోట్ల డాలర్లకి రిలయన్స్ నుంచి 21 బ్లాకుల్లో 30 శాతం వాటా కొంది. అది చూసి "బీపీ అంతటివాడే వస్తున్నాడు, ఇంకేం భయం" అనుకున్నవాళ్లు చాలామంది. పెద్దవాడు కొన్నాడని కొనడం మనకి పాత అలవాటే. బీపీ వచ్చాక కూడా నేల కింద ఉన్నది పెరగలేదు. 2012లో డీ1, డీ3 నిల్వల అంచనా 10 టీసీఎఫ్ నుంచి దాదాపు 3 టీసీఎఫ్‌కి దిగింది. నికో కూడా ఆ ఏడాది తన నిల్వల అంచనా బాగా కోసేసింది, షేరు కుప్పకూలింది. 2013 కల్లా బ్లాక్ ఉత్పత్తి రోజుకు ఒకటిన్నర కోట్ల ఘనపు మీటర్ల దరిదాపులకి పడిపోయింది. 2020 ఫిబ్రవరిలో డీ1, డీ3 మూసేశారు. అప్పటిదాకా ఆ బ్లాక్ నుంచి వచ్చింది మొత్తం 3 టీసీఎఫ్ చుట్టుపక్కలే.

ఎందుకు తగ్గింది అన్నదాని మీద రెండు వాదనలున్నాయి, రెండూ చెప్పాలి. ప్లాన్‌లో చెప్పిన 31 బావుల బదులు 22 తవ్వారు, 18 మాత్రమే ఉత్పత్తిలో పెట్టారు, అందుకే గ్యాస్ రాలేదు అని ప్రభుత్వ పక్షం వాదన. ఆ లెక్కన ఖర్చులు రాబట్టుకోవడాన్ని కూడా కొంత అడ్డుకుంది. నేల లోపలి అమరిక అనుకున్నట్టు లేదు, బావులు ఎక్కువ తవ్వినా లేని గ్యాస్ రాదు అని కంపెనీల వాదన. ఎవరు రైటో తేల్చే పని మనది కాదు. నికో వాటాదారుడి వైపు నుంచి చూస్తే రెండిట్లో ఏది నిజమైనా ఫలితం ఒక్కటే. ఆ బావులు తవ్వాలా వద్దా అనే నిర్ణయం అతని కంపెనీ చేతిలో లేదు.

ఇప్పుడు ధర సంగతి. చమురు ధర బ్యారెల్ వంద డాలర్లున్న రోజుల్లో కూడా డీ-6 గ్యాస్‌కి 4.20 డాలర్లే. అంబానీ సోదరుల మధ్య గ్యాస్ తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2010 మేలో కోర్టు గ్యాస్ దేశ సంపద, ధర, కేటాయింపు విషయంలో ప్రభుత్వానిదే మాట అని తేల్చింది. తర్వాత రంగరాజన్ కమిటీ సూత్రం వచ్చింది. దాని ప్రకారం 2014 ఏప్రిల్ నుంచి ధర 8.4 డాలర్ల దాకా వెళ్తుందని 2013లో అందరూ లెక్కలు వేసుకున్నారు. ఈలోగా ఎన్నికలొచ్చాయి, పెంపు ఆగింది. కొత్త ప్రభుత్వం 2014 అక్టోబర్‌లో కొత్త సూత్రం తెచ్చింది, ధర 5.05 డాలర్లు. అందులోనూ డీ1, డీ3 గ్యాస్‌కి పాత ధరే చేతికి, పెరిగిన తేడా వివాదం తేలేదాకా వేరే ఖాతాలోకి. నికో అప్పులు తీర్చడానికి ఆ 8.4 మీదే ఆశ పెట్టుకుంది. నున్నలో రేటు పడితే రైతు రెండ్రోజులు ఆగొచ్చు, వేరే మార్కెట్‌కి పోవచ్చు. గ్యాస్‌కి ఆ వెసులుబాటు లేదు. పైపు ఎటు పోతే అటే, రేటు ఎంత రాస్తే అంతే.

మూడో దెబ్బ సొంతంగా తగిలించుకున్నది. డీ-6 డబ్బు వస్తున్న రోజుల్లో నికో ఇండోనేషియా లోతు సముద్రంలో, ట్రినిడాడ్‌లో బ్లాకులు కూడబెట్టింది. లోతు సముద్రపు రిగ్‌ని ఏళ్ల తరబడి అద్దెకి ఒప్పుకుంది. ఇండోనేషియాలో తవ్వితే పనికొచ్చే నిల్వలు దొరకలేదు. రిగ్ ఒప్పందం మాత్రం మెడకి చుట్టుకుంది, బయటపడటానికే 8 కోట్ల డాలర్లకి రాజీ కుదుర్చుకోవాల్సి వచ్చింది. 2012 చివర్లో పాత బాండ్లు తీర్చడానికి కొత్త షేర్లు, కొత్త బాండ్లు అమ్మారు. షేర్లు 5 కోట్ల నుంచి 7 కోట్లకి పెరిగాయి. అంటే పాత వాటాదారుడి ముక్క ఇంకా చిన్నదైంది, అదీ షేరు అడుగున ఉన్నప్పుడు. 2013 చివర్లో 34 కోట్ల డాలర్ల అప్పు ఏర్పాటు చేసుకున్నారు.

ఇంకొకటి దాచకూడదు. బంగ్లాదేశ్‌లో నికో తవ్విన టెంగ్రాటిలా బావి 2005లో రెండుసార్లు పేలింది. ఆ తర్వాతి వ్యవహారంలో అక్కడి ఇంధన సహాయ మంత్రికి టొయోటా ల్యాండ్ క్రూయిజర్ కారు, విదేశీ ప్రయాణ ఖర్చులు ఇచ్చినట్టు కంపెనీ 2011 జూన్‌లో కాల్గరీ కోర్టులో నేరం ఒప్పుకుంది. సుమారు 95 లక్షల కెనడియన్ డాలర్ల జరిమానా పడింది. కంపెనీ మునిగింది ఆ జరిమానా వల్ల కాదు. కానీ మంత్రిగారికి కారు కొనిచ్చిన యాజమాన్యం మన డబ్బుని ఎలా చూస్తుంది అన్న ప్రశ్న వాటాదారుడికి 2011లోనే వచ్చి ఉండాలి. దానికి 2012 దాకా ఆగక్కర్లేదు.

ఇక చివరి అంకం, నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది. 2016లో లోతు సముద్రపు కొత్త గ్యాస్‌కి ప్రభుత్వం మంచి ధర ఇచ్చింది. 2017 జూన్‌లో రిలయన్స్, బీపీ కలిసి డీ-6లోనే ఆర్-క్లస్టర్, శాటిలైట్, ఎంజే అనే కొత్త క్షేత్రాల మీద 40 వేల కోట్ల రూపాయలు పెడతామన్నాయి. నికో అంత కాలం "మా దగ్గర ఇంకా క్షేత్రాలున్నాయి" అని చెప్పింది వీటి గురించే. అది అబద్ధం కాదు. గ్యాస్ నిజంగానే ఉంది. కానీ తన పది శాతం కట్టడానికి నికో దగ్గర డబ్బు లేదు. 2018లో క్యాష్ కాల్ కట్టలేక డిఫాల్ట్ నోటీసు అందుకుంది, మధ్యవర్తిత్వానికి వెళ్లింది, 2019లో బయటకి వచ్చేసింది. ఆ వాటా మిగతా ఇద్దరికీ పోయింది. ఇప్పుడు రిలయన్స్‌కి 66.67, బీపీకి 33.33 శాతం. 2020 డిసెంబర్‌లో ఆర్-క్లస్టర్ నుంచి గ్యాస్ మొదలైంది, 2021లో శాటిలైట్, 2023లో ఎంజే. బ్లాక్ మళ్లీ రోజుకు 3 కోట్ల ఘనపు మీటర్ల దాకా వచ్చింది.

అంటే చెట్టు కాసింది. కాయ కోసే రోజుకి కౌలుదారు తోటలో లేడు. షేర్ మార్కెట్లో చాలామంది "చివరికి నేను చెప్పిందే నిజమైంది" అంటారు. చివరిదాకా నిలబడే డబ్బు లేనివాడికి ఆ నిజం ఎందుకూ పనికిరాదు.

ఇది ఒక్క నికో కథే అనుకోకండి. పక్క బ్లాక్‌లోనే ఇంకోటి జరిగింది. 2005 జూన్ 26న అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ, జీఎస్‌పీసీకి కేజీ బేసిన్‌లో 20 టీసీఎఫ్ గ్యాస్ దొరికిందని ప్రకటించారు. అందులో జీఎస్‌పీసీకి 80, జూబిలెంట్‌కి 10, జియోగ్లోబల్ రిసోర్సెస్ అనే ఇంకో కాల్గరీ చిన్న కంపెనీకి 10 శాతం. జియోగ్లోబల్ షేరు అమెరికా మార్కెట్లో ఎగిసింది. తర్వాత ఆమోదం పొందిన అంచనా దాదాపు 2 టీసీఎఫ్. 20లో పదో వంతు! లోతు ఎక్కువ, వేడి ఎక్కువ, ఒత్తిడి ఎక్కువ. జీఎస్‌పీసీ తన 80 శాతాన్ని 2017లో సుమారు 120 కోట్ల డాలర్లకి ఓఎన్‌జీసీకి అప్పగించింది. జియోగ్లోబల్ షేరు అంతకంటే చాలా ముందే పైసలకి పడిపోయింది.

గ్యాస్ కంపెనీ షేరు మనం కొనకపోయినా ఈ దెబ్బ మన ఇంటిదాకా వచ్చింది. మైలవరం దాటి వెళితే కొండపల్లి, అక్కడ ల్యాంకో గ్యాస్ పవర్ ప్లాంట్ కట్టింది. వేమగిరి, జేగురుపాడు, కోనసీమ, ఇవన్నీ డీ-6 గ్యాస్ వస్తుందని నమ్మి కట్టినవి, పెంచుకున్నవి. గ్యాస్ తగ్గాక వేల మెగావాట్ల యంత్రాలు ఖాళీగా నిలబడ్డాయి. ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ 2018లో లిక్విడేషన్‌కి వెళ్లింది. దానికి బొగ్గు, ఆస్ట్రేలియా గనుల అప్పులు లాంటి వేరే కారణాలూ ఉన్నాయి, కానీ గ్యాస్ లేకపోవడం కూడా ఒకటి. మన వైపు ఆ షేరు ఎంతమంది దగ్గర ఉండిందో మీకు తెలుసు. ఒక అంచనా తప్పితే దాని మీద కట్టిన ఇళ్లన్నీ కదులుతాయి.

ఇప్పుడు ప్రశ్నకి వద్దాం. రేపు ఎవరైనా చిన్న గ్యాస్ కంపెనీ షేరు చూపిస్తే ఏం అడగాలి?

మొదటిది, చెప్పే అంకె ఏ రకం? నేల కింద మొత్తం ఉన్నదా, బయటికి తీయగలిగినదా? తీయగలిగిన దాంట్లో ఖాయంగా వచ్చేది ఎంత, రావచ్చు అనేది ఎంత? "దొరికింది" అన్న వార్తలో సాధారణంగా పెద్ద అంకె ఉంటుంది. మనం డబ్బు పెట్టాల్సింది చిన్న అంకె మీద.

రెండోది, అందులో కంపెనీ వాటా ఎంత? ఆ వాటాని ధరతో గుణించి, మొత్తం షేర్ల విలువ పక్కన పెట్టండి. మనం ఇందాక చేసిన గుణకారమే. పది నిమిషాల పని. అమ్మకమే షేర్ల విలువకి సరిపోకపోతే, మీరు ఆశని కొంటున్నారు.

మూడోది, ఎన్ని క్షేత్రాలున్నాయి? ఒకే క్షేత్రం మీద నిలబడితే ఒక్క ఇంజినీరు రిపోర్టుతో షేరు సగం కావచ్చు.

నాలుగోది, ధర ఎవరు రాస్తారు? చమురా, గ్యాసా? గ్యాస్ అయితే పాత క్షేత్రమా, లోతు సముద్రమా, సీలింగ్ ఉందా?

ఐదోది, తవ్వకం నిర్ణయం ఎవరిది, డబ్బు ఎవరిది? ఆపరేటర్ కాకపోతే రాబోయే మూడేళ్ల క్యాష్ కాల్స్‌కి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? బ్యాలెన్స్ షీట్‌లో అప్పు ఎంత, అది ఏ ఏడాది తీర్చాలి, గ్యాస్ ఏ ఏడాది వస్తుంది? అప్పు గడువు ముందు, గ్యాస్ వెనక ఉంటే జాగ్రత్త.

ఆరోది, మంచి రోజుల్లో వచ్చిన డబ్బు ఏం చేశారు? అప్పు తీర్చారా, డివిడెండ్ ఇచ్చారా, తెలియని సముద్రాల్లో పోశారా? పోయిన ఐదేళ్లలో షేర్ల సంఖ్య ఎంత పెరిగింది?

ఏడోది, కోర్టు కేసులు. డీ-6 మీద ఓఎన్‌జీసీ గ్యాస్ పక్క బ్లాక్ నుంచి ఇటు వచ్చిందన్న వివాదంలో 2016లో ప్రభుత్వం 155 కోట్ల డాలర్లు అడిగింది. 2018లో మధ్యవర్తులు కంపెనీల వైపు చెప్పారు, 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ దాన్ని కొట్టేసింది. ఇలాంటి కేసుని రిలయన్స్ మోయగలదు. చిన్న కంపెనీ మోయలేదు.

ఈ ఏడింటికీ సమాధానం దొరికే కంపెనీలు ఉండవని కాదు. రవ్వలో వాటా కొన్న కెయిర్న్ తర్వాత రాజస్థాన్‌లో మంగళ చమురు కనిపెట్టి, 2004లో లండన్‌లోని పెద్ద వంద కంపెనీల సూచీలో చేరింది. చిన్నవాళ్లు పెద్దవాళ్లవుతారు. కానీ అలా అయ్యే కంపెనీకీ, నికోకీ తేడా షేరు ధర గ్రాఫ్‌లో కనపడదు, 2010లో రెండు గ్రాఫులూ పైకే చూస్తున్నాయి. తేడా వార్షిక నివేదికలో, నిల్వల పట్టికలో, అప్పుల గడువుల పేజీలో ఉంటుంది. ఎవరూ చదవని పేజీలు అవి. కొనేముందు అవి చదవండి, చదివి అర్థం కాకపోతే కొనకండి. కొనకపోవడం వల్ల పోయేదేమీ లేదు.

ఈ లెక్కల్లో మీకు సందేహాలుంటే రాయండి.